యేసురత్నం తిరగేసిన నగరం

ఖాకీ కాగితం మీద పెన్సిలు గీత వెంబడి యేసురత్నం సూదితో పొడుస్తున్నాడు. గీత వంపు తిరిగిన చోట పొడుపులు దగ్గరదగ్గరగా, తిన్నగా పోయిన చోట కాస్త ఎడంగా. ఏరు అయింది, వంతెన అయింది, కోట అయింది. ఇంక రైలు స్టేషను ఒక్కటే మిగిలింది. ఆయన కూర్చున్నది ఎమ్మిగనూరులో ఒక శిక్షణ కేంద్రం మేడ మీద. పొడుస్తున్నది జపాన్‌లోని ఒక చిన్న నగరం పటం.

ఆ కేంద్రంలో తొమ్మిదిమంది ఆడపిల్లలు ఆరు నెలలుగా జపాను భాష నేర్చుకుంటున్నారు. ఎంపికైతే ఆ నగరంలో వృద్ధాశ్రమంలో ఉద్యోగం. శుక్రవారం పదకొండు గంటలకు ఆశ్రమం వాళ్లు కంప్యూటరులో వాళ్లతో మాట్లాడతారు. భాషతో పాటు ఊరి సంగతులూ అడుగుతారు. స్టేషనులో దిగి ఆశ్రమానికి ఎటు రావాలి, కోటకు ఎటు పోవాలి, ఏ చెత్త ఏ రోజు బయట పెట్టాలి. అవన్నీ గోడ మీద తెలుగులో రాయిస్తే పిల్లల కళ్లకు ఎప్పుడూ ఆ ఊరే ఆనుతుందని కేంద్రం నడిపే హరీష్ ఆలోచన. పిల్లల ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. జపాను వాళ్లు పంపిన పటం యేసురత్నం చేతిలో పెట్టి, పాస్‌పోర్టు పనుల మీద కర్నూలు పోయాడు.

యేసురత్నానిది ఆదోని. ఐదో తరగతితో బడి మానేశాడు. పత్తి మిల్లుల గోడల మీద పెద్ద రాతగాళ్లు రాసి పోయిన అక్షరాల వెంట వేలు నడిపించి రాత నేర్చుకున్నాడు. లారీల వెనక, చర్చి గోడల మీద, ఎన్నికలప్పుడు ఊరూరా రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు మిగిలినవి బట్టల కొట్ల అద్దాలు. అద్దం మీద బయటినుంచి రాస్తే దుమ్ముకూ తుడిచే గుడ్డకూ ఏడాదికే రంగు పెచ్చులు లేస్తుంది. అందుకని లోపలి నుంచి రాస్తాడు. పొడిచిన కాగితాన్ని తిరగేసి అతికించి, నీలిపొడి మూటతో తట్టి, బెజ్జాల్లోంచి అద్దం మీద పడిన చుక్కలను కలుపుకుంటూ పోతాడు. బయట నిలబడి చూస్తే అక్షరం సరిగ్గా ఉంటుంది. పదేళ్లుగా అదే పని.

సోమవారం మధ్యాహ్నం కాగితాన్ని గోడకు అతికించి తట్టాడు. చుక్కలు కలిపాడు, రంగు నింపాడు. పేర్లు మాత్రం కాగితం లేకుండా నేరుగా చేత్తోనే రాశాడు. పిల్లలు వెనకే చేరేవాళ్లు.

“చిన్నాయనా, కోటంటే రాళ్లుండల్ల గదా? ఇదేంది, ఇడ్లీ పాత్ర మాదిరి అంతస్తులు?” అంది రూత్.

“నాకేం తెల్సు పాపా! మా ఆదోని కోటైతే కండ్లు మూసుకొని గీస్తా. ఇది కాయితంలో ఎట్లుంటే అట్ల.”

“కాలే సెత్త మంగళారం, సుక్కురారం. సీసాలు రెండో బుధారం. మా ఇంట్లో అన్నిటికీ ఒగటే దిబ్బ!” అంది రూత్ గోడ మీది పట్టిక చదువుతూ.

“ఆ మాట వాళ్లతో అంటే ఈడనే ఉండిపోతావు” అంది సుమతి.

సుమతి నవ్వలేదు. మగ్గం నేసే గోవిందు కూతురు ఆమె. పోయిన ఏడు ఎంపికలో ఆగిపోయి మళ్లీ చేరింది. రెండుసార్లకు మించి ఎవరినీ ఎంపికకు పంపరు. పొద్దస్తమానం గోడ ముందు నిలబడి గొణిగేది: “స్టేషను ఎదురుగా వంతెన. దాటి ఎడమకు తిరిగితే ఆశ్రమం. కుడికి పోతే కోట.”

శుక్రవారం మొదటి బస్సుకే యేసురత్నం వచ్చాడు. అంచులు సరిదిద్దితే పని అయిపోయినట్టే. ఖాకీ కాగితం మడవబోతే వేళ్లకు గరుకు తగిలింది. ముందునుంచి పొడిస్తే గరుకు వెనక తేలుతుంది, గోడకు ఆనేది ఆ వైపే. పొడి మూట తగిలిన మరక నున్నటి వైపు ఉండాలి. అది గరుకు వైపు ఉంది.

జపాను వాళ్ల పటం తీసి గోడ పక్కన పెట్టాడు. పటంలో వంతెన దాటితే ఆశ్రమం కుడికి. గోడ మీద ఎడమకు. అద్దానికి అతికించినట్టే గోడకూ తిరగేసి అతికించాడు. ఊరంతా తారుమారైంది.

గడియారం ఏడున్నర చూపిస్తోంది. చెప్పకుంటే ఎవరికీ తెలియదు. పిల్లలు తప్పు చెప్తే పిల్లలే సరిగ్గా చదవలేదంటారు. ఇప్పుడు చెప్తే ఉన్నదీ పోయి ఇంకా తడబడతారేమో. మెట్ల మీద రెండుసార్లు దిగి మళ్లీ ఎక్కాడు. మూడోసారి కిందికి పోయాడు. పిల్లలు ఉగ్గాని తింటున్నారు.

“గోడ తప్పు పాపా. తిరగేసి కొట్టినా. ఆశ్రమం కుడికి.”

సుమతి చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. “నాలుగు దినాల నుంచి నిద్దర్లో గూడ ఎడమే అంటాండాను చిన్నాయనా!”

“మూడు గంటల ముందర సెప్తే యాడ ఎక్కుతాది?” రూత్ గొంతు లేచింది. “సెప్పకుండా ఉన్నా బాగుండు!”

ఆయన పైకి పోయి వెడల్పు కుంచెతో పటం మీద తెల్ల రంగు కొట్టాడు. నాలుగు రోజుల పని పది నిమిషాల్లో పోయింది. చెత్త రోజుల పట్టిక ఒక్కటే వదిలాడు. తరువాత ఎదురు గోడకు కాగితం అతికించాడు. ఈసారి నున్నటి వైపు రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

“రా సుమతీ. నువ్వే తట్టు. స్టేషను కాడినుంచి మొదలుపెట్టు. నోటితో అనుకుంటా పో.”

సుమతి నీలిపొడి మూట పట్టుకుంది. స్టేషను, వంతెన. చెయ్యి అలవాటుగా ఎడమకు పోయి, కోట తగిలి ఆగింది. కుడికి తిప్పింది. “మిగి” అంది. మిగి అంటే వాళ్ల భాషలో కుడి. మళ్లీ స్టేషను నుంచి తట్టింది. “మిగి.” తొమ్మిదిమందీ వరసగా వచ్చి అదే దారి తట్టారు. చేతులు, ముక్కులు నీలమయ్యాయి.

పది గంటలకు హరీష్ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఏందన్నా ఇది! గంటలో వాళ్లు కూర్చుంటారు, గోడ తెల్లగుండాది!”

“తప్పు నాదే సార్. తిట్టేది తర్వాత తిడుదురు, ఎలుతురుకు అడ్డం లేకుండా జరగండి.”

పదకొండు కొట్టింది. పక్క గదిలో మాటలు మొదలయ్యాయి. యేసురత్నం ఏటికి నీలం నింపుతున్నాడు. కుడి, ఎడమ తప్ప ఒక్క ముక్కా అర్థం కాదు. సుమతి గొంతు వినబడగానే కుంచె ఆగింది.

“హిద...” అంది ఆ గొంతు. హిదరి అంటే ఎడమ. తరువాత, నెమ్మదిగా, “మిగి.”

బయటికి వచ్చి సుమతి గోడకు ఆనుకుంది. “నాలిక్కరుసుకున్నా చిన్నాయనా. అడిగే ఆమె ఏందో రాసుకున్నె. ఏం రాసుకున్నెనో.”

ఆయనకూ తెలియదు. కోట పైకప్పులకు బూడిద రంగు వేశాడు. ఆసుపత్రి గుర్తు వేశాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పోలేదు. నాలుగు గంటలకు జాబితా వచ్చింది. ఏడుగురు. సుమతి ఉంది, రూత్ ఉంది. కింద కేకలు వినబడుతుంటే ఆయన హరీష్‌ను ఒక్కటే అడిగాడు.

“తక్కిన ఇద్దరూ దారి తప్పు సెప్పినారా సార్?”

“లేదన్నా. భాషకు ఆగినారు. దారి అందరూ సరిగ్గానే సెప్పినారు.”

యేసురత్నం తల ఊపి మళ్లీ గోడవైపు తిరిగాడు. అంబులెన్సు నంబరు ఎర్ర రంగులో రాయాల్సి ఉంది. ఒకటి, ఒకటి, తొమ్మిది. రాసి, కుంచె కడిగి, జపాను వాళ్ల పటం హరీష్‌కు ఇచ్చాడు.

“మీరు కాయితం సూసి సెప్పండి. నేను గోడ మీద వేలు పెడతా.”

హరీష్ ఒక్కొక్కటే చదివాడు. స్టేషను, వంతెన, కుడికి ఆశ్రమం, ఎడమకు కోట, ఆసుపత్రి, పోలీసు ఠాణా. వేలు ఎక్కడా ఆగలేదు.

“సరిపోయిందన్నా.”

“అయితే గోడ మీకు అప్పగించినట్టే సార్” అని యేసురత్నం కుంచెలు కట్టుకున్నాడు.