పుంగ్గోల్ ఒడ్డున నేను విడుదల చేసిన చేప

ఆఫీసు బానిసత్వానికి నిరసనగా ఈ రోజు సెలవు పెట్టి, ఫోన్ ఆపేసి, ఒంటరిగా చేపలు పట్టడానికి వెళ్లాను. ఎరగా వానపామును కూడా చంపలేదు, గాలానికి ఈకతో చేసిన ఉత్తుత్తి ఈగను కట్టాను. పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదలాలని నేను చదివిన చిన్న పుస్తకంలో ఉంది. దాని అట్ట మీద కొండవాగు బొమ్మ. సింగపూర్‌లో కొండవాగు ఎక్కడ దొరుకుతుంది? పుంగ్గోల్ సముద్రపు ఒడ్డుతో సరిపెట్టుకున్నాను.

విసిరి విసిరి భుజం పడిపోయాక, సాయంత్రానికి జానెడు చేప పడింది. నా జీవితంలో మొదటి చేప! మూతిలోంచి గాలం తీసి, "పో తల్లీ, స్వేచ్ఛగా బతుకు" అని పైకే అన్నాను.

వాకింగ్‌కి వచ్చిన ఒక తెలుగు ఆంటీ వెనక నుంచి కేక పెట్టింది.

"అయ్యో, వదిలేస్తావేంటి బాబూ! పులుసుకొస్తుంది కదా!"

నాకు మండింది. చేపను వదిలేసి, "ప్రతి ప్రాణినీ కూరలా చూసే ఈ దోపిడీ బుద్ధి వల్లే ఆంటీ, లోకం ఇలా తగలడింది!" అని దులిపేశాను.

ఆవిడ శాంతంగా విన్నది. "పొద్దున వాకింగ్‌లోనూ నిన్ను ఇక్కడే చూశాను. అప్పట్నుంచీ నిలబడి పట్టింది మళ్లీ నీళ్లలోనే వేశావా? మా అల్లుడి సాఫ్ట్‌వేర్ పనీ అంతేలే, పగలంతా రాసింది సాయంత్రం చెరిపేస్తాడు. మొహం పీక్కుపోయింది, పద, ఇంట్లో చేపల పులుసుంది."

సిద్ధాంతపరంగా నేను అభ్యంతరం చెప్పాలి. చెప్పాను కూడా, రెండోసారి వడ్డించుకున్నాక.

చేపల స్వేచ్ఛ మీద నాతో వాదించాలనుకునేవాళ్లు రేపు రండి. ఇప్పుడు కడుపు నిండుగా ఉంది, కోపం రావట్లేదు.