డెబ్బై మీద ముల్లు

మా మావయ్యగారి సిగార్ల పెట్టెను నేను ఎలా సర్వనాశనం చేశానో చెప్పబోతున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చుని ఉంటే మాత్రం పైకి చదవకండి. భీమవరంలో ఉన్నవాళ్లయితే అసలు చదవకండి, మా ఇల్లు మీకు తెలిసే అవకాశం ఉంది.

అప్పటికి నాకు పెళ్లయి రెండు నెలలు. మావయ్యగారికి రొయ్యల చెరువులు. ఇంట్లో ఎవరూ బీడీ ముక్క కూడా ముట్టినవాళ్లు కాదు. అలాంటి ఇంటి హాల్లో, దేవుడి పటాల తర్వాత అంత గౌరవం పొందే వస్తువు ఒక చెక్క పెట్టె. రొయ్యలు కొనే విశాఖపట్నం వ్యాపారి మూర్తిగారు, మొదటి సరుకు విదేశాలకు వెళ్లిన సందర్భంగా, దాని నిండా సిగార్లు పెట్టి బహుమానంగా ఇచ్చారట.

"ఈ చుట్టల పెట్టె..." అని నేను నోరు తెరిచిన మొదటి రోజే మావయ్యగారు సరిదిద్దారు.

"చుట్టలు కాదమ్మా. సిగార్లు. పెట్టెను హ్యూమిడార్ అంటారు."

రోజూ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఆయన ఆ పెట్టె మూత తెరిచేవారు. లోపల దేవదారు చెక్క వాసన. ఒక మూల తడి స్పాంజి ఉన్న చిన్న డబ్బా. దానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్లు తగలకూడదు. మూత లోపలి వైపు గడియారంలాంటి మీటరు. దాని ముల్లు ఎప్పుడూ డెబ్బై మీద నిలబడి ఉండేది.

"గాలిలో తేమ డెబ్బై శాతం అన్నమాట. తగ్గిందా, సిగార్ పగిలిపోద్ది. పెరిగిందా, బూజు పట్టుద్ది. చూడమ్మా, అంగుళం కదలదు," అని ఆయన మూత వేసేవారు. సిగార్ మాత్రం ముట్టుకునేవారు కాదు. మూర్తిగారు మళ్లీ మా ఇంటికి వచ్చిన రోజున ఇద్దరూ చెరొకటి వెలిగించాలని ఆయన ఆశ.

నేను నోరెళ్లబెట్టి చూసేదాన్ని. మా జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతం. గాలిలో తేమ ఉంటుందని, దానికి శాతాలుంటాయని నాకెవరూ చెప్పలేదు. ఇక్కడేమో అప్పడం పళ్లెంలోంచి నోటికి వెళ్లేలోపు మెత్తబడిపోతుంది. అగ్గిపుల్ల గీస్తే తలకాయ ఊడి వస్తుంది. ఇలాంటి ఊళ్లో కూర్చుని ఒక మనిషి పనిగట్టుకుని పెట్టెలో నీళ్లు పోస్తున్నాడంటే అందులో ఏదో మహత్తు ఉండాలి అనుకున్నాను.

ఒకరోజు భోజనాల దగ్గర మావయ్యగారు అడిగారు.

"మీ నాన్నగారు పొగాకు వేస్తారు కదమ్మా. నీకు దాని సంగతులన్నీ తెలిసే ఉంటాయి."

"ఆయ్, తెలుసండి మావయ్యగారూ. అందులోనే పుట్టి పెరిగానండి."

పాఠకులారా, నేను పుట్టింది ఆసుపత్రిలో, పెరిగింది హాస్టల్లో. సెలవులకు ఇంటికి వెళ్తే, పొగాకు ఎండబెట్టే బ్యారన్ ముందు నుంచి ముక్కు మూసుకుని పరుగెత్తేదాన్ని. పొగాకు గురించి నాకు తెలిసింది ఒకే ఒక్క ముక్క: దాన్ని ఎండబెడతారు.

ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది.

మే నెలలో అత్తయ్యగారు, మావయ్యగారు పిఠాపురం కుక్కుటేశ్వరుడి దర్శనానికి బయల్దేరారు. మర్నాడు సాయంత్రం మూర్తిగారు వస్తున్నారు కాబట్టి, ఆలోపు తిరిగి వచ్చేస్తామన్నారు. వెళ్లే ముందు అత్తయ్యగారు మేడ మీద, మజ్జిగలో ఊరేసి ఎండబెట్టిన చల్లమిరపకాయలు చూపించారు. "ఎండ తగ్గేదాకా ఉంచు అమ్మాయీ. కాకులు జాగ్రత్త." మావయ్యగారు పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ తాళంచెవి అప్పటిదాకా మా ఆయనకు కూడా ఇవ్వలేదట.

"పొగాకు ఇంటి పిల్లవి. నీకు నేను చెప్పాలా," అన్నారు.

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఆ పెట్టె కోసం ప్రాణమైనా ఇచ్చేసేదాన్ని. నా ప్రాణం అడిగినా బాగుండేది, సిగార్లు బతికేవి.

కారు వీధి మలుపు తిరగ్గానే పెట్టె తెరిచాను. స్పాంజి తడితడిగా ఉంది. సిగార్ పట్టుకుంటే మెత్తగా నొక్కుకుపోయింది. మూర్తిగారు రేపు వస్తుంటే సరుకంతా చెమ్మగిల్లి పోయింది, మావయ్యగారు పాపం గమనించుకోలేదు, దేవుడు నన్ను ఈ ఇంటికి ఇందుకే పంపించాడు అనుకున్నాను.

పెట్టెను, సిగార్లను, స్పాంజిని తీసుకుని మేడ ఎక్కాను. చల్లమిరపకాయలు ఆరబెట్టిన పాత చీర మీద ఒక కొస ఖాళీగా ఉంది. సిగార్లను అక్కడ వరసగా పేర్చి, పక్కనే పెట్టెను మూత తీసి పెట్టాను. మా ఆయన చెరువు దగ్గర్నుంచి భోజనానికి వచ్చి, మేడ మీదికి తొంగి చూశాడు.

"అవి నాన్నగారివి కదూ?"

"చెమ్మ ఎక్కాయండి. ఎండబెడుతున్నాను."

"తెలిసే చేస్తున్నావా?"

"మీకు రొయ్యల గురించి నేను చెప్పానా?"

అతను కిందికి దిగిపోయాడు. మధ్యాహ్నం గాలికి చీర కొస ఎగిరి, సిగార్లు దొర్లుకుంటూ వెళ్లి మిరపకాయల్లో పడ్డాయి. నేను కాకుల మీద ఒక కన్నేసి, ఫోన్ మీద రెండో కన్నేసి కూర్చున్నానేమో, చాలాసేపటికి గానీ చూడలేదు.

ఎండ తగ్గాక ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వడియంలా గలగలలాడింది. ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటే పైన చుట్టిన ఆకు పటపటా పగిలి ఒళ్లో రాలింది.

మీటరు వైపు చూశాను. ముల్లు డెబ్బై మీదే ఉంది. రోజంతా రోళ్లు పగిలే ఎండలో ఉన్నా డెబ్బై. పెట్టె మహిమ గలదే, పాపం నా చేతుల్లోనే ఉంది అనుకుని, మా నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, బాగా ఎండిపోయిన పొగాకు మళ్లీ మెత్తబడాలంటే ఏం చేస్తారు?"

"బ్యారన్ తలుపులు తీసి, నేల మీద నీళ్లు చల్లి వదిలేస్తామమ్మా. గాలిలో చెమ్మ పీల్చుకుని ఆకు అదే దారికొస్తది. తొందరపడకూడదు. అయినా నీకెందుకే ఇదంతా?"

"ఊరికే నాన్నా, తెలుసుకుందామని."

"ఇన్నేళ్లకు అడిగావు తల్లీ," అని నాన్న పొంగిపోయాడు. ఆ ఆనందంలో 'తొందరపడకూడదు' అన్న మాట నా చెవిని దాటి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి, చిల్లుల పళ్లెం మీద సిగార్లు పేర్చి, మూత పెట్టాను. గాలిలో చెమ్మ కోసం ఎదురుచూసే ఓపిక నాకెక్కడిది. కాసేపటికి మూత తీస్తే సిగార్లన్నీ పొట్ట ఉబ్బి, కుట్లు విడిపోయిన దిండ్లలా పడి ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నం వార్చిన గంజి తెచ్చి, విడిపోయిన ఆకుల్ని వేలితో అంటించి, ఫ్యాను కింద ఆరబెట్టాను. కాసేపటికి గంజి పెట్టిన నేత చీరల్లా బిగుసుకుని, నిగనిగలాడుతూ తయారయ్యాయి. వాటిని పెట్టెలో సర్ది, స్పాంజి తడిపి, భయంభయంగా మీటరు చూశాను.

డెబ్బై.

మధ్యాహ్నానికి పెద్దవాళ్లు వచ్చేశారు. సాయంత్రం మూర్తిగారు వచ్చారు. మావయ్యగారు కొత్త పంచె కట్టుకుని, పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, మూత తెరిచారు. ముందు ముల్లును చూశారు. చెరువు నీళ్లలో ఉప్పెంత, ఆక్సిజనెంత అని మీటర్లు చూసి బతికే మనిషి ఆయన. ముల్లు చెప్పాక ఇక ఆయన సిగార్ వైపు చూడరు.

"చూశారాండి మూర్తిగారూ, డెబ్బై. నేను ఊళ్లో లేను. మా కోడలే కనిపెట్టుకుని ఉంది."

ఇద్దరూ చెరొకటి వెలిగించారు. గంజి చిటపటలాడింది. మూర్తిగారు ఒక దమ్ము లాగి, కళ్లు పెద్దవి చేశారు. మావయ్యగారికి పొలమారింది. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మా నాన్న పరువు, నా కాపురం రెండూ ఆ పొగలో కలిసిపోతున్నట్టు కనిపించింది.

"మసాలా గుణం ఉందండి ఇందులో," అన్నారు మూర్తిగారు, గొంతు సవరించుకుని. "పెద్ద సరుకులోనే ఉంటుందని నెట్‌లో చదివాను."

"మిరియం అంటారా?" అన్నారు మావయ్యగారు, కళ్లు తుడుచుకుంటూ.

"మిరియమే. వెనకాల కొంచెం పులుపు కూడా తగులుతోంది. చాలా అరుదండి ఇది."

"మీరు ఇదివరకు కాల్చినవి ఎలా ఉండేవండి?"

మూర్తిగారు సిగార్ బూడిద దులిపారు. "నేను ఇవ్వడమే గానీ, కాల్చడం ఇదే మొదలండి."

"నేనూ అంతేనండి," అన్నారు మావయ్యగారు. ఇద్దరూ ఒకరినొకరు ఎంతో ఆప్యాయంగా చూసుకుని, మళ్లీ దగ్గారు.

మావయ్యగారు నా వైపు తిరిగి, "అంతా మా అమ్మాయి చేతి చలవ," అన్నారు. ఆ మాటతో నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇక దాచలేకపోయాను.

"మావయ్యగారూ, అసలు ఏమైందంటే..."

"అమ్మాయీ, మజ్జిగ కలుపుదువు గానీ రా," అని వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు వినబడింది.

వెళ్లాను. ఆవిడ గాలి వాసన చూస్తూ నిలబడి ఉన్నారు.

"చల్లమిరపకాయలతో కలిపి ఎండబెట్టావా?"

"ఆయ్," అన్నాను, తల వంచుకుని. "తప్పయిపోయిందండి. కానీ అత్తయ్యగారూ, ఎండలో పెట్టినా ఆ ముల్లు కదల్లేదండి. ఆ పెట్టెలో ఏదో ఉందండి."

"ఉంది. తుమ్మజిగురు ఉంది," అన్నారు అత్తయ్యగారు, గొంతు తగ్గించి. "ఎప్పుడో మీ మావయ్యగారు తాళం వెయ్యడం మరిచిపోయిన రోజున, దుమ్ము దులుపుతుంటే పెట్టె నా చేతిలోంచి పడిందే. మీటరు అద్దం ఊడింది, ముల్లు వేలాడిపోయింది. డెబ్బై మీద పెట్టి జిగురుతో అంటించేశాను. మీ మావయ్యగారు రోజూ చూసి మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు."

"మరి ఇన్నాళ్లూ సిగార్లు పాడవలేదేంటండి?"

"మన ఊరి గాలే చూసుకుందిలే. దానికి మీటరు లేదు కదా, పాపం, ఎవరూ దండం పెట్టరు."

నేను వంటింటి కిటికీలోంచి బయటికి చూశాను. వానలేమీ లేకపోయినా ఊచల మీద చెమ్మ పట్టి ఉంది. ఆ చెమ్మకు నిజంగానే చేతులెత్తి దండం పెట్టాను.

హాల్లోంచి మావయ్యగారి కేక. "అమ్మా, మూర్తిగారు ఇంకో పెట్టె పంపిస్తారట. దానికీ అచ్చం ఇలాగే చెయ్యాలంటున్నారు. ఎలా చేశావో ఏంటో, నీకే తెలుసు."

"అలాగేనండి," అన్నారు నా తరఫున అత్తయ్యగారు, మేడ మీద మిరపకాయలకు జాగా ఎంతుందో లెక్క వేస్తున్నట్టు పైకి చూస్తూ.

అందుకే సభాముఖంగా ఇదిగో ప్రమాణం చేస్తున్నాను. పొగాకు గురించి నాకు తెలుసని ఈ జన్మలో మళ్లీ అనను. ఆ ముల్లు డెబ్బై మీద నుంచి కదిలేదాకా ఈ మాట మీదే ఉంటాను.