బెర్నడెట్‌కు అర్థంకాని మోల్

కెనడాలోని సస్కటూన్‌లో, యూనివర్సిటీ సైన్సు భవనంలో మా క్రీ ఆదివాసీ పిల్లల బాగోగులు చూసే బెర్నడెట్ పొద్దున్నే దుప్పిమాంసం పులుసు కాచి, వచ్చినవాళ్ళకల్లా పోస్తుంది. పోస్తూ, "కెమిస్ట్రీ రెండుసార్లు తప్పిన చెయ్యిరా ఇది, కొలతలు మాత్రం అడక్కండి" అని తనే ముందు నవ్వుతుంది. మార్చిలో ఒకనాడు, ఉత్తరాది సరస్సుల ప్రాంతం నుంచి వచ్చిన షైలీన్ చదువు మానేస్తానని కాగితం తెచ్చి సంతకం పెట్టమంది.

"క్లాసులో మనవాళ్ళు ఒక్కరూ లేరత్తా. నేను తప్పు చెబితే అందరూ నావైపే చూస్తారు."

ఒకప్పుడు తనూ అలాగే పారిపోయిన బెర్నడెట్ కలం అందుకుంది. "పెడతాలే. పోయేముందు కెమిస్ట్రీలో ఆ మోల్ అంటే ఏమిటో చెప్పిపో. ముప్పై ఏళ్ళుగా సిగ్గేసి ఎవర్నీ అడగలేదు" అంది. షైలీన్ చెప్పింది. అణువుల్ని లెక్కపెట్టే మోల్‌ను గుడ్ల డజనుతో పోల్చి మళ్ళీ చెప్పింది.

"డజను తెలిసింది. మోలే తెలియలేదు."

అది నటన కాదు, నిజంగానే తెలియలేదు. బల్లమీద చిక్కుడు గింజలు పరిచి మూడోసారి చెప్పాక, షైలీన్ విసుగ్గా లేచి సంతకం పడని కాగితాన్ని సంచిలో కుక్కుకుంది.

"నీతో ఇవాళ తేలదత్తా. రేపు ల్యాబ్ అయ్యాక వస్తా. కాస్త చదివి ఉండు!"