పావుకిలో కెమెరా

మావయ్య పోయాడని పొద్దున్నే అత్త ఫోన్ చేసి చెప్పింది. "టీ తాగినాడు, గ్లాసు కింద పెట్టినాడు, కుర్చీలో అలాగే ఒరిగిపోనాడే అమ్మీ" అంది. తర్వాత ఆవిడే అడిగింది: "జేబులో ఆ కెమెరా అలాగే ఉన్నాది. తియ్యమంటావా, ఉంచమంటావా?" విజయనగరం నుంచి నేను వచ్చేదాకా ఉంచమన్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. కోటబొమ్మాళిలో ముప్పై ఏళ్ళకు పైగా ఫొటో స్టూడియో నడిపాడు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇవాళ విజయనగరంలో నాకంటూ ఒక స్టూడియో ఉందంటే ఆయన చలవే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పగ మాట ఎత్తకూడదంటారు. నేను ఎత్తుతాను. ఎత్తకపోతే ఆయన గురించి సగమే చెప్పినట్టు.

ఆయన వాడిన కెమెరాలు మారుతూ వచ్చాయి గానీ మెడ మీద బరువు మాత్రం తగ్గలేదు. అరవై దాటాక మెడ ఎముకలు అరిగాయని డాక్టరు ఎక్స్‌రే చూపించి, కుడిచెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్నాడు. మావయ్య ఎక్స్‌రేని నమ్మలేదు. పెద్ద డీఎస్ఎల్ఆర్‌ని లెన్సుతో, ఫ్లాషుతో సహా వీధి చివర కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళి కాటా మీద పెట్టించాడు. రెండున్నర కిలోలు తూగింది. "ఇంత మినప్పప్పుంటే మా ఇంట్లో వారం ఇడ్లీ గురూ" అన్నాడట షావుకారు. అప్పుడు నమ్మాడు.

చిన్న కెమెరా కొందామని ఆయన వెంటపడింది నేనే. ఈ సంగతి దాచను, నా కోపంలో సగం నా మీదే.

విజయనగరంలో కొట్టువాడు అద్దాల బల్ల మీద మూడు కాంపాక్ట్ కెమెరాలు పెట్టి మెగాపిక్సెళ్ళ పాఠం మొదలెట్టాడు. మావయ్య అది వినలేదు. ఒక్కొక్కదాన్నీ కుడిచేత్తో పట్టుకుని, గోడ గడియారం చూస్తూ అయిదేసి నిమిషాలు నిలబడ్డాడు. కంటికి ఆనించుకునే కిటికీ లేని రెంటినీ పక్కకి నెట్టేశాడు. "సెయ్యి సాపి, తెర సూసి తీస్తే అది ఫొటో తియ్యడం కాదే, పేపరు సదవడం" అన్నాడు. మూడోది పావుకిలోయే, దానికి చిన్న కిటికీ ఉంది. లోపల వెలుతురు పట్టే సెన్సర్ కూడా ఆ సైజుకి పెద్దదే, చీకటి గదిలో తీసినా బొమ్మ మురికిగా రాలేదు. కానీ జూమ్ తక్కువ. పెళ్ళిళ్ళకి చాలదేమో అన్నాను.

"దగ్గరికెల్తాను. నన్నెవుడు ఆపుతాడు?"

మర్నాడు రామతీర్థం వెళ్ళాం. కెమెరా చొక్కా జేబులో వేసుకుని కొండ మెట్లు ఎక్కాడు. నేను రెండుచోట్ల ఆగాను, ఆయన ఆగలేదు. పైన నిలబడి జేబు తట్టుకుంటూ, "ఇన్నాళ్ళూ కెమెరాని నాను మోసినాను, ఇప్పుడు నాతో పాటు వస్తన్నాది" అన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

మళ్ళీ చూడనివ్వని మనిషి ఒకడున్నాడు. పేరు రాయను. రైసుమిల్లు ఆసామి అని చెబితే చాలు. అతని కూతురి పెళ్ళికి ఫొటోలు తియ్యడానికి మావయ్య ఆ కెమెరాతోనే వెళ్ళాడు. ఆసామి తల్లి, ముసలావిడ, మంటపం వెనక కుర్చీలో కూర్చుని ఉంది. వీడియోవాళ్ళ పెద్ద కెమెరాలు తన వైపు తిరిగిన ప్రతిసారీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటోంది. మావయ్య చేతిలో ఉన్నదాన్ని చూసి మాత్రం కొంగు దించింది.

"ఏటి బాబూ అది, అగ్గిపెట్టా?"

"అగ్గిపెట్టేనమ్మా. గియ్యమంటావా?"

ఆవిడ పకపకా నవ్వింది. మావయ్య నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ వెనక నుంచి కొడుకు వేలెత్తి అరుస్తూ వచ్చాడు. తక్కింది ఆ పెళ్ళిలోనే ఉన్న అత్త చెప్పింది. "మా ఇంటి పెళ్ళికి బొమ్మ కెమెరా తెచ్చినావేటి? ఊరంతా సూస్తన్నారు, నా పరువు తీస్తన్నావు. దాన్ని జేబులో ఎట్టి, ఆ వీడియోవోళ్ళకి లైటు పట్టుకో!" అన్నాడట ఆసామి.

మా వైపు పెళ్ళివారు కెమెరా సైజుని బట్టి పెళ్ళి స్థాయి లెక్కేస్తారు, అది నాకు తెలుసు. తెలిసీ ఆయన్ని చిన్న కెమెరాతో పంపించాను.

మావయ్య లైటు పట్టుకున్నాడు. డాక్టరు ఎత్తొద్దన్న చేత్తోనే, తలంబ్రాలు అయ్యేదాకా పట్టుకున్నాడు. లైటు అక్కడే పడేసి ఎందుకు రాలేదని తర్వాత అరిచాను. "ముహూర్తం మద్దిలో మనం ఎల్లిపోకూడదే" అన్నాడు. అంతే. ఆ సంగతి ఊరంతా పాకింది. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఒక్క పెళ్ళికీ పిలవలేదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసుకుంటూ బతికాడు.

ఏడాది తిరక్కుండా ఆ ముసలావిడ పోయింది. పెళ్ళి ఆల్బమ్‌లన్నీ తిరగేస్తే ఆవిడ ఉన్న ప్రతి ఫొటోలోనూ కొంగే ఉందిట. ఆవిడ నవ్విన ఆ ఒక్క ఫొటో కోసం ఆసామి మావయ్య దగ్గరికి వచ్చాడు. మావయ్య సాయంత్రానికల్లా ప్రింటు తీసి ఇచ్చేశాడు. నేను ఫోన్‌లో నానా మాటలూ అన్నాను. "ఫొటో ఆవిడిదే కోడలా, ఆడిది కాదు" అని పెట్టేశాడు. మంచితనం ముదిరి చేతకానితనం అయిందనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆసామి నా స్టూడియోకి వచ్చాడు. మావయ్య గురించి రెండు మంచి ముక్కలు చెప్పి, అసలు విషయం ఎత్తాడు.

"అమ్మ ఫొటోలోంచి నన్ను తీసెయ్యాలమ్మా. ఇంటికొచ్చినోళ్ళందరూ అడుగుతన్నారు, ఎవుడి మీద ఏలెత్తినావని. మీ మావని రెండుసార్లు అడిగినాను. తియ్యలేదు."

"ఏమన్నాడు?"

"'ఆ రోజు నువ్వు ఆడున్నావు బాబూ. ఉన్నోడిని ఎలా తీస్తాను?' అన్నాడు. టీ కూడా ఇచ్చినాడు."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇన్నాళ్ళూ చేతకానితనం అనుకున్నది ఇదా మావయ్యా! తల్లికి దండం పెట్టిన ప్రతిసారీ తన వేలు తనే చూసుకునేలా చేసి, నాకు మాటమాత్రం చెప్పకుండా పోయావు.

మనిషిని ఫొటోలోంచి తీసెయ్యడం నాకు నాలుగు నిమిషాల పని. ఆ సంగతి ఆసామికి చెప్పాను. "ముందు నాకో సాయం చెయ్యండి. మావయ్య కెమెరాకి ఫొటో తియ్యాలి, లైటు పట్టుకోండి" అన్నాను.

ఆశగా పట్టుకున్నాడు. అత్త నాకిచ్చేసిన మావయ్య కెమెరాని స్టూలు మీద పెట్టి, నా కెమెరా స్టాండుకి బిగించి, నిదానంగా తీశాను. ఇంకొంచెం పైకన్నాను, ఎడమకన్నాను. లెన్సు మార్చాను, మళ్ళీ మొదటిదే పెట్టాను.

"సెయ్యి లాగేస్తన్నాదమ్మా. అవ్వలేదేటి?"

"ముహూర్తం ఇంకా అవ్వలేదు" అన్నాను.

ఆ మాటతో అతనికి అర్థమైంది. ముఖం నల్లబడింది గానీ లైటు దించలేదు, పని కావాలి కదా. నాకు హాయిగా ఉంది. ఇందులో సిగ్గుపడేదేమీ నాకు కనిపించలేదు. మావయ్య ఉంటే తిట్టేవాడు. ఆయన లేడు కాబట్టే కదా ఇది నా చేతికొచ్చింది.

చాలన్నాక టీ తెప్పించాను. అతను తాగేదాకా ఆగి, మావయ్య మాటే చెప్పాను: "ఆ రోజు మీరు అక్కడున్నారు. ఉన్నవాళ్ళని ఎలా తీస్తాను?" గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతూ కుడి భుజం పట్టుకున్నాడు.

ఆ రోజు తీసినవాటిలో ఆఖరి ఫొటో స్టూడియోలో గోడకి తగిలించాను. స్టూలు మీద మావయ్య కెమెరా, చొక్కా జేబులో అరిగి అంచుల నలుపు పోయి, కుదురుగా ఉంది. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసినది కావడంతో వెనక గోడ మీద దాని నీడ ఒకటిగా లేదు. లైటు పట్టుకున్న చెయ్యి వణికినంత మేరా అలుక్కుపోయింది. వచ్చినవాళ్ళు చూసి, సరిచెయ్యొచ్చుగా అంటారు. నేను సరిచెయ్యలేదు.