చెరువు గట్టు మీద తెరుచుకోని పేజీ

సత్యానందం గారు పోయిన మరుసటి ఏడాది జూన్ నెలలో మా ల్యాబు వెబ్‌సైటును బాగుచేసే పని నా మీద పడింది. అప్పటికి నేను ఏలూరులోని ఆ చిన్న నీటి పరీక్షల ల్యాబులో సీనియర్ ఎనలిస్టును. ల్యాబు పెట్టింది ఆయన. ఆయన తర్వాత బాధ్యత ఆయన భార్య గ్రేసమ్మ గారిది. కలిదిండి, ముదినేపల్లి, కొల్లేరు పక్క ఊళ్ల చేపల రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తారు. అందులో కరిగిన ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత చూసి, ఏం చేయాలో చెప్పడం మా వృత్తి.

ఈ వృత్తిలో ప్రమాదమంతా తెల్లవారుజామునే. చెరువులో ఆక్సిజన్ అప్పుడే అడుగంటుతుంది. చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అక్కణ్నుంచి రైతుకు ఉండే వ్యవధి ఒక గంట. ఆ గంటలో చేయకూడనిది చేస్తే ఏడాది పంట నీళ్ల మీద తేలుతుంది.

"మీ సైటు గట్టు మీద తెరుచుకోదండి, అలా తిరుగుతానే ఉంటదండి" అని రైతులు గ్రేసమ్మ గారితో చాలాసార్లు అన్నారట. ఆవిడ నన్ను పిలిచి, "మీరే ఏదో ఒకటి చూడండమ్మా" అన్నారు. కెమిస్ట్రీ చదివినదాన్ని, కంప్యూటరు ముందు కూర్చుంటే ఆ మాత్రం రాకపోతుందా అని ఆవిడ నమ్మకం. సైటు తయారుచేసిన ఆయన తాడేపల్లిగూడెంలో ఉంటే ప్యాసింజరులో వెళ్లి పాస్‌వర్డులు రాయించుకొచ్చాను. ఎవరినీ పెట్టుకోనక్కర్లేదు, ఇంటర్నెట్‌లో అన్నీ ఉచితంగానే దొరుకుతాయని ఆయనే ధైర్యం చెప్పి పంపాడు.

దొరికాయి కూడా. ఒకదాంట్లో సైటు చిరునామా అతికిస్తే, ఎంత వేగంగా తెరుచుకుంటుందో చూసి నూటికి మార్కులు వేస్తుంది. మాకు ఇరవై ఒకటి వచ్చాయి, ఎర్ర రంగులో. జన్మలో పరీక్ష తప్పనిదాన్ని, నాకు తల కొట్టేసినట్టయింది. తప్పంతా ఒక్క పేజీదని కింద రాసి ఉంది. అది సత్యానందం గారి కాగితాల పేజీ.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. ఆయనకు టైపు చేసిన సలహా మీద గౌరవం లేదు. రైతు అడిగిన ప్రశ్నను రైతు మాటల్లోనే పైన రాసి, కింద తన జవాబు నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో రాసేవారు. దాన్ని ఫొటో తీయించి సైటులో పెట్టించేవారు. అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఒక్కో ఫొటో గోడకు అతికించేంత సైజు. గట్టు మీద బలహీనమైన సిగ్నల్‌తో అవి దిగాలంటే చేపలు కూడా విసుక్కోవాలి.

ఫొటోల బరువు తగ్గించే ఉచిత సాధనం ఇంకోటి ఉంది. అన్నీ అందులో వేసి తీశాను. అక్షరాలు చెదరలేదు, మార్కులు యాభై ఎనిమిదికి వచ్చాయి. తెలివైనవాళ్లయితే అక్కడితో ఆగేవారు. నాకు తొంభై దాటితే వచ్చే ఆకుపచ్చ రంగు కావాలి. పేజీ మొత్తం తీసేశాను. తొంభై ఆరు వచ్చాయి. గ్రేసమ్మ గారికి చూపించి మిఠాయి కూడా తినిపించాను.

నిజం చెప్పాలంటే మార్కులు ఒక సాకు. ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ నీలం అక్షరాలు కనబడి నాకు పని సాగేది కాదు. పద్దెనిమిదేళ్లు ఎదురుబల్ల మీద ఆ చెయ్యి రాస్తుంటే చూశాను. "రత్నమ్మ గారూ, ఈ రీడింగు మీరు ఇంకోసారి చూస్తారా?" అనే ఆ గొంతు కోసం, ఆ ఏడాదంతా రీడింగు తీసిన ప్రతిసారీ తలెత్తి చూసేదాన్ని. చూడలేనిదాన్ని కంటికి దూరం చేసుకుని, దానికి వేగం అని పేరు పెట్టాను.

మర్నాడు సైటుకు ఎవరెవరు వస్తున్నారో లెక్కించే ఉచిత సాధనం తగిలించాను. అందులో 'దొరకని పేజీలు' అని ఒక జాబితా ఉంటుంది. లేని పేజీ కోసం ఎవరైనా వస్తే అక్కడ ఒక గీత పడుతుంది. రోజూ నాలుగైదు గీతలు పడేవి, అన్నీ తెల్లవారుజామునే. ఇంటర్నెట్‌లో యంత్రాలు వేళాపాళా లేకుండా సైట్ల తలుపులు తడుతుంటాయని అంతకుముందే ఎక్కడో చదివాను. ఇవీ అవేనని తీర్మానించేశాను. తెల్లవారుజామున లేచేది చేపల రైతని, వాళ్ల నీళ్లతోనే బతికిన నాకు తట్టలేదు.

మూడో వారంలో కలిదిండి నుంచి సుబ్బరాజు గారు వచ్చారు. చేతిలో సీసా లేదు. కూర్చోమన్నా చాలాసేపు కూర్చోలేదు.

"తెల్లారగట్ల చేప తేలిందండి. సత్యానందం గారి కాగితం లింకు మా గ్రూపులో అందరి ఫోన్లలో ఉంటదండి, నొక్కితే మీ సైటుకొస్తది. నొక్కానండి. పేజీ లేదన్నాది. ఫోన్ చేద్దామంటే, ఇదివరకు ఆ వేళప్పుడు ఆయనే ఎత్తేవారు, ఇప్పుడు తొమ్మిదైతే గానీ ఎత్తరు కదండి. పక్క చెరువాయన సున్నం చల్లమన్నాడండి. చల్లేశానండి."

చేప తేలితే ఏం చేయాలో రాసిన ఆ కాగితంలో మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చు. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిప్పండి, మేత ఆపండి, నీళ్లు పరీక్ష చేయించకుండా సున్నం ముట్టుకోవద్దు. నీళ్లలో అమ్మోనియా ఎక్కువగా ఉన్నప్పుడు సున్నం పడితే అది ఇంకా విషమవుతుంది. చెరువులోని బొచ్చె, శీలావతి చేపలన్నీ పొద్దెక్కేలోపు చచ్చి తేలిపోయాయని ఆయన చెప్పారు.

పేజీ తీసింది నేనేనని చెప్పాను. ఆయన లేచి వెళ్తూ, "ఏవండీ, ఆ కాగితం మళ్లీ పెట్టించండి. మాది ఎలాగూ అయిపోయింది, పక్కోళ్లకన్నా ఉంటదండి" అన్నారు. తిట్టినా బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆ పూటే బరువు తగ్గించిన ఫొటోలతో పేజీని పాత చిరునామాలోనే పెట్టేశాను. ఆపైన ఒక్కో కాగితం మాటలన్నీ ఫొటో పైన టైపు చేశాను. టైపు అక్షరాలకు బరువుండదు, ముందు అవే తెరుచుకుంటాయి. నలభై కాగితాలూ చదవాల్సి వచ్చింది. చాలాచోట్ల కళ్లు తుడుచుకుని చదివాను. ఆయన లేరన్న సంగతి ఆ వారంలోనే నాకు పూర్తిగా తెలిసింది. తెల్లవారుజామున ఫోన్ ఎత్తే పని కూడా గ్రేసమ్మ గారిని అడిగి నేనే తీసుకున్నాను. మార్కులు డెబ్బై దగ్గర నిలిచాయి. మళ్లీ పెంచే ప్రయత్నం చేయలేదు.

ఉచిత సాధనాలు మంచివే. పేజీ ఎంతసేపట్లో తెరుచుకుంటుందో అవి సరిగ్గానే చెప్పాయి. దాన్ని ఎవరు, ఎందుకు తెరుస్తున్నారో కనుక్కోవాల్సింది నేను. ఏ పేజీ అయినా తీసేముందు దాని దగ్గరకు వచ్చేవాళ్లను ఒక నెల రోజులు గమనించాలి. దొరకని పేజీల జాబితాలో ఒక్క గీత పడినా, అది మనిషి కాదని రుజువయ్యేదాకా మనిషేననుకోవాలి. పోయిన సంవత్సరం రిటైరవుతూ, నా స్థానంలోకి వచ్చిన ఆవిడకు ఇచ్చిన అప్పగింత నోట్‌లో ఈ రెండూ రాశాను. దాని కింద, ఇది తెలియక నేను ఒక రైతు చెరువును చంపానని కూడా రాసి సంతకం పెట్టాను.