ఆ కంప్యూటర్‌ని ఎవరు బిగించాలి

డెబ్బైల చివర్లో మేం మస్కట్‌లో ఉండేవాళ్లం, దార్సైట్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో. నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు. అంతకుముందు గుంటూరులో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేశారు. మా పెళ్లికి ముందు నుంచీ మా వీధిలో ఎవరి రేడియో మూగబోయినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. వెనక మూత ఊడదీసి, మరమేకు పెదాల మధ్య పట్టుకుని, వచ్చినవాళ్లతో కబుర్లు చెబుతూనే బాగుచేసి ఇచ్చేవారు. నేను మనిషిని చూసి కాదు, ఆ చేతుల్ని చూసి పెళ్లికి ఒప్పుకున్నానని మా చెల్లెలు ఏడిపించేది. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆయన కంపెనీలో ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన, తను చదివేసిన పత్రికలు ఈయనకు ఇచ్చేవాడు. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ గురించి ఈయన చదివింది వాటిలోనే. అప్పటిదాకా కంప్యూటర్ అంటే గది నిండా బీరువాల్లాంటివి ఉంటాయని విన్నాం. ఇదేమో ఒక్క బోర్డు, దానికి టైపు మిషనుకున్నట్టు మీటలు, విడిభాగాలుగా పెట్టెలో వస్తుంది, బిగించుకుని ఇంట్లో టీవీకి తగిలించుకోవడమే. అక్కడి రువి బజార్లో మేం టేప్‌రికార్డర్ కొన్న షాపు యజమాని, ఒక గుజరాతీ పెద్దమనిషి, ఇంగ్లండు నుంచి సామాను తెప్పిస్తుండేవాడు. ఈయన పట్టు వదలకపోతే చివరికి ఒకటి తెప్పిస్తానన్నాడు.

ఆ పెట్టె దారిలో ఉండగానే నేనొకటి గమనించాను. మాకు సెలవు శుక్రవారం, ప్రార్థన కూడికా ఆ రోజే. ఒక వారం అక్కడ ప్రసంగం వింటూ ఆయన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా దొర్లుతోంది, పిండిని నలిపి చిన్న ఉండ చేస్తున్నట్టు. ఆ సంగతి ఆయనకు తెలుస్తున్నట్టు లేదు. ఆ వేళ్ల కదలిక నాకు కొత్త కాదు. మగవాళ్ల వార్డులో చూశాను, కానీ ముసలివాళ్లలో చూశాను. ఈయనకి నలభై కూడా నిండలేదు. పాట పాడటానికి అందరూ లేచి నిలబడ్డారు. పక్కనున్నావిడ భుజం తడితేగానీ నేను లేవలేదు.

ఆ తర్వాత నాకు ఆ చెయ్యి తప్ప ఇంకేం కనపడలేదు. అన్నం కలుపుతుంటే చూసేదాన్ని, చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చూసేదాన్ని. ఆ కదలిక ఒకరోజు ఉండేది, మర్నాడు ఉండేది కాదు. లేనప్పుడు అది నా భ్రమేనని సంతోషపడేదాన్ని. మా డాక్టరుగారిని అడగొచ్చు. అడిగితే తీసుకురమ్మంటారు, తీసుకెళ్లాలంటే ఈయనకి చెప్పాలి. రోగుల ఇళ్లవాళ్లకి ఎన్ని చేదు కబుర్లు చెప్పానో, మా ఇంట్లో మాత్రం నోరు పెగల్లేదు.

పెట్టె వచ్చిందని కబురందితే ఇద్దరం రువి వెళ్లాం. షాపాయన బల్ల మీద పెట్టె విప్పాడు. ఆకుపచ్చ బోర్డు, నల్ల స్పాంజిలో గుచ్చిన చిప్పులు, చిన్న చిన్న కవర్లలో రంగుల చారల రెసిస్టర్లు. మా ఆయన వాటి మీదికి వంగిన తీరు చూస్తే ఊయల్లో పసిబిడ్డని చూస్తున్నారనుకుంటారు.

"సాబ్, ఇట్లాగే ఇచ్చెయ్యనా, బిగించి ఇవ్వమంటారా?" అన్నాడు షాపాయన హిందీలో. "మా మెకానిక్ బిగిస్తే గ్యారంటీ నాది. మీరు బిగించుకుంటే, ఏది కాలినా మీదే బాధ్యత."

"నేనే బిగించుకుంటా. అందుకేగా తెప్పించింది," అన్నారు ఈయన నవ్వుతూ.

"వాళ్లనే బిగించనీండి," అన్నాను నేను.

ఆయన తలెత్తి చూశారు. "ఏంటీ?"

"గ్యారంటీ ఇస్తానంటున్నాడు కదండీ. మనకెందుకు శ్రమ?"

"శ్రమేంటే? ఇది నాకు శ్రమా?"

"మళ్లీ ఏదన్నా పాడైతే ఇక్కడ ఎవర్ని అడుగుతాం?"

"నా చేతుల మీద నీకెప్పుడు నమ్మకం పోయింది?" తెలుగులోనే అన్నారు, కానీ షాపాయనకి అర్థమైనట్టే ఉంది, పక్కకి తిరిగి ఏదో సర్దుకుంటున్నట్టు నటించాడు. నేను చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, దాన్ని అక్కడ చెప్పలేను. చెప్పదగ్గ మాటలన్నీ ఆయన్ని నొప్పించేవే. పెట్టెని ఆయనే రెండు చేతులా పట్టుకుని టాక్సీ ఎక్కారు. దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

తర్వాతి శుక్రవారం కూడికనుంచి రాగానే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచారు. రెసిస్టర్లన్నీ రంగుల్నిబట్టి వేరుచేస్తూ, ఏది ఎక్కడ పెట్టాలో ఆ కాగితం నా చేత చదివించారు. కోపం మర్చిపోయారు. మొదట్లో బాగానే సాగింది. సోల్డరింగ్ ఐరన్ అంటించగానే సీసం కరిగి వెండి చుక్కలా నిలిచేది. ఆయన ఈలపాట మొదలుపెట్టారు. నేను పెట్టుకున్నదంతా ఉత్త బెంగేనేమో, దేవుడు నా మీద దయ చూపాడేమో అనుకుంటూ వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను.

తిరిగి వచ్చేసరికి ఈల ఆగిపోయింది. చిప్పులు కూర్చునే సాకెట్ల దగ్గరికి వచ్చారు. వాటి కాళ్లు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. సీసం ఒక కాలి మీద పడాల్సింది రెంటి మీదా పడి అతుక్కుపోయింది. దాన్ని కరిగించి తీయబోతే పక్కది కూడా కలిసింది. ఏసీ గాలి తగులుతోందన్నారు, ఆపాను. కళ్లజోడు పవర్ చాలడం లేదన్నారు. ఐరన్ మొన మందంగా ఉందన్నారు. కుడిచెయ్యి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని మళ్లీ ప్రయత్నించారు. ఉక్కపోతకి చెమట బోర్డు మీద పడుతుంటే నేను తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాను. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ల నుదురు తుడిచినట్టే తుడిచాను. అక్కడైతే ఏం జరుగుతుందో చూసి ఏదో ఒకటి అందించేదాన్ని. ఇక్కడ అందించడానికి నా దగ్గరేం లేదు.

బోర్డు మీది సన్నని రాగిగీత ఒకటి వేడికి పొట్టులా లేచి వచ్చేసింది. ఆయన ఐరన్‌ని దాని స్టాండులో పెట్టి, ప్లగ్గు తీసేశారు.

"నీకు తెలుసు కదా," అన్నారు.

"ఏంటండీ?"

"షాపులో బిగించమన్నావే, అప్పుడే అర్థమైంది నీకు తెలుసని." చెయ్యి దుప్పటి మీద పెట్టి దాన్నే చూస్తున్నారు. "నేను కూడా చూస్తూనే ఉన్నాను. స్టోర్స్‌లో సంతకం రాన్రానూ చిన్నదైపోతోంది. ఏంటిట్లా చీమలా పెడుతున్నావని మొన్న ఇంజనీరు అడిగాడు. ఏంటే ఇది?"

చెప్పాను. చేతులు వణికే నరాల జబ్బని, దాని పేరు చెప్పాను, డాక్టరు చూస్తేగానీ ఖాయంగా చెప్పలేమన్నాను, ఇప్పుడు మంచి మందు వచ్చిందన్నాను. వార్డులో చెప్పే వరసలోనే చెప్పానని నాకే తెలిసింది. ఆయన అంతా విన్నారు.

"తెలిసీ ఎందుకు మొదలుపెట్టారండీ?" అన్నాను.

"చేతులు ఇంకా నా మాట వింటున్నాయి కదా, వింటుండగానే ఒకటి చేద్దామనుకున్నా. కాస్త ఆలస్యమైంది." అని లేచి కవర్లన్నీ పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. నన్ను సాయం చెయ్యనివ్వలేదు.

ఆ పెట్టెనే మళ్లీ షాపుకి తీసుకెళ్లాం. మెకానిక్ మలయాళీ, నవ్వుమొహం మనిషి. బోర్డు తిప్పి చూసి, "అయ్యో, ఇదెవరు చేశారు? చిన్నపిల్లలకి ఇచ్చారా?" అన్నాడు.

"నేనే. సరదాగా ప్రయత్నించా," అన్నాను చటుక్కున.

"సిస్టర్, మీరు ఇంజెక్షన్లు చెయ్యండి చాలు," అని నా యూనిఫాం చూసి అతను నవ్వాడు, షాపాయనా నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఈయన నవ్వలేదు. లేచిపోయిన గీత బదులు సన్నని తీగ వేసి చూస్తానని, పనిచేస్తుందని మాట ఇవ్వలేనని మెకానిక్ చెప్పాడు.

బయటికి వచ్చాక ఎండలో నిలబడి, "ఎందుకట్లా చెప్పావ్?" అన్నారు ఈయన.

"వాడు మిమ్మల్ని ఎగతాళి చేస్తుంటే..."

"చెయ్యనీ. చెడగొట్టింది నేను. కనీసం అదన్నా నన్ను చెప్పుకోనీ."

కాపాడుతున్నాననుకున్నాను. ఆయనకి మిగిలినదాంట్లోంచి ఇంకొంచెం లాక్కున్నానని అప్పుడు తెలిసింది. ఏం చేసినా తప్పే అయ్యే రోజులు కొన్ని ఉంటాయి. మాకు ఆ ఏడాదంతా అవే.

మెకానిక్ దాన్ని బాగానే బిగించాడు. ఇంటికి తెచ్చి టీవీకి తగిలిస్తే, తెర మీద చిన్న తెల్లని గడి వెలిగింది. ఆయన మొహంలో కూడా ఒక్క క్షణం వెలుగొచ్చింది. కూర్చుని మీటలు నొక్కారు. ఒక అక్షరం నొక్కితే రెండు పడ్డాయి. చెరిపి మళ్లీ నొక్కారు, మళ్లీ అంతే. మీటలో లోపమేమోనని నన్ను నొక్కమన్నారు. నాకు ఒక్కటే పడింది. రెండోసారి నొక్కమనలేదు.

డాక్టరుగారి దగ్గరికి ఆ వారంలోనే వెళ్లాం. డాక్టరుగారు ఈయన చేత వేళ్లు తెరిపించి మూయించి, వరండాలో అటూ ఇటూ నడిపించి, నేను అనుకున్న పేరే చెప్పారు. మందు రాశారు. "ఇది జబ్బుని నయం చెయ్యదు, కొంతకాలం వెనక్కి నెడుతుంది," అన్నారు. ఎంతకాలమని ఈయన అడిగితే మనిషిని బట్టి ఉంటుందన్నారు. నేను ఆ మాట ఎంతోమందితో అన్నదాన్నే. అవతలి కుర్చీలోంచి వింటే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు.

మందు పనిచేసింది. కొన్నాళ్లు మీటలు సరిగ్గానే పడ్డాయి, అంకెలు కూడే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి నాకు చూపించారు. కానీ ఈలోపు కంపెనీకి తెలిసిపోయింది. కాంట్రాక్టు అయిపోగానే, చాలా మర్యాదగా, ఇక పొడిగించలేమన్నారు. నా వీసా మీద ఆయన్ని ఉంచుకునే వీల్లేదని మా ఆసుపత్రి ఆఫీసువాళ్లు అన్నారు. ఆ మందు అప్పట్లో మన ఊళ్లో దొరకదు, నేను ఉద్యోగం మానేస్తే మస్కట్ నుంచి పంపేవాళ్లూ ఉండరు. కలిసి ఉంటే మందు లేదు, మందు ఉంటే కలిసి లేం. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఆయన్ని పంపించి నేను ఉండిపోవడం తప్ప వేరే దారి కనపడలేదు.

ఆయన గుంటూరులో మా ఆడపడుచు ఇంటికి వెళ్లిపోయారు. కంప్యూటర్‌ని వెంట తీసుకెళ్లండని బతిమాలాను. "అక్కడ టీవీయే లేదు కదే, దేనికి తగిలించను?" అన్నారు. అదీ నిజమే. ఫ్లాట్ ఖాళీ చేసి నేను నర్సుల హాస్టల్‌కి మారాను. కంప్యూటర్ని ఆ మలయాళీ మెకానిక్‌కి ఇచ్చాను. అతను ఎంత ఇవ్వమంటారని అడిగితే ఏమీ వద్దన్నాను. హాస్టల్‌కి వచ్చి మర్నాటి డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను.