ఇంటికి మాత్రం పోవద్దు

మా పక్కింటి పిల్ల కాలేజీలో చేరడానికి అదే చివరి రోజు. సాయంత్రం నాలుగులోగా అసలు సర్టిఫికెట్లు చూపించి చేరకపోతే ఆమె సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకు పోతుంది. వాళ్ళ నాన్న మనలి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, షిఫ్టు వదిలి రాలేడు. వాళ్ళ అమ్మకు కాలేజీ గేటంటేనే భయం. అందుకని నన్ను తోడు పంపారు.

నేనూ కాలేజీ చదవలేదు. పదో తరగతితో ఆపేసి అంబత్తూరులో బట్టల కంపెనీలో చేరాను. చొక్కాకు ఎంత గుడ్డ పడుతుందో, ఎంత వృథా అవుతుందో చూసి చూసి లెక్కలు నేర్చుకున్నాను. తిరువొత్తియూరులో మా వీధి పిల్లలు పన్నెండో తరగతి మార్కులు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. కటాఫ్ వేసి, ఎక్కడ సీటు దొరికే అవకాశముందో చెబుతాను. సీటు వచ్చేదాకా నా లెక్క పనికొస్తుంది. గేటు దాటాక ఏముంటుందో నాకూ తెలియదు.

గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వాడు. "ఏం పాపా, అమ్మను తోడు తెచ్చుకున్నావా? పాలసీసా మరిచిపోలేదు కదా?" అన్నాడు తమిళంలో. పిల్ల సిగ్గుపడి నా వెనక్కి జరిగింది.

లోపల వేసవి సెలవులింకా అయిపోలేదు. పొడుగాటి వరండా, ఇరుపక్కలా తాళాలు వేసిన గదులు. ఒక గదిలో ఎవరూ లేకుండానే ఫ్యాను తిరుగుతోంది. చివర ఆఫీసు కిటికీ ముందు వరుస. మేము నిలబడ్డ కాసేపటికి పిల్ల పక్కన ఇంకో అమ్మాయి ఉంది. ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. ఉతికి ఉతికి వెలిసిన నీలం చుడీదార్, మెడలో కాలేజీ ఐడీ కార్డు పట్టీ. దాని చివర ప్లాస్టిక్ కవరు వెనక్కి తిరిగి ఉంది.

"తెలుగోళ్ళా మీరు? ఫైలు చూపీండి" అంది.

పిల్ల ఇచ్చేసింది. ఆ అమ్మాయి మార్కుల షీట్లు వదిలేసి టీసీ తీసింది. దాని అంచును వేలితో మెల్లగా నిమిరింది. వరదల్లో ఇంట్లోకి నీళ్ళొచ్చి రేషన్ కార్డు నానిపోయిందని, స్కూల్లో టీసీ ఇచ్చిన రోజే పిల్ల వాళ్ళ నాన్న దానికి లామినేషన్ చేయించాడు.

"దీన్ని తీసుకోరు ఆంటీ."

"ఎందుకు తీసుకోరు? అసలుదే కదా?"

"వెనకాల సీలు వెయ్యాల. ప్లాస్టిక్ మీద నిలవదు. పీకితే కాగితం చినుగుతాది."

నేను నమ్మలేదు. నంబర్లు అడగడం నాకు అలవాటు. "నువ్వు ఈడనే చదువుతున్నావా? నీ నంబరెంత?" అన్నాను. ఆరంకెల నంబరు ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

కిటికీలోని గుమాస్తా టీసీని వెలుతురుకు పెట్టి చూసి వెనక్కి తోశాడు. "వేరే కాపీ తెండి. నాలుగు తరువాత వస్తే నన్నడగొద్దు" అన్నాడు. తిరువొత్తియూరులో స్కూలుకు పోయి, డూప్లికేట్ రాయించుకుని నాలుగులోపు తిరిగి రావడం జరగని పని. దారి, రైలు, హెడ్‌మాస్టరు సంతకం, ఎట్లా కూడినా సరిపోలేదు.

"అత్తా, ఇంటికి పోదాం" అంది పిల్ల.

ఆ అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇంటికి మాత్రం పోవద్దు. పోతే అయిపోయె. పైకి రాండి."

మెట్లెక్కాం. ఆమె చెప్పులు చప్పుడు చేయడం లేదు. ఎదురొచ్చిన ఇద్దరు లెక్చరర్లు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు. వాళ్ళ చూపు ఆమె మీదినుంచి మాత్రం గోడ మీదినుంచి జారినట్టు జారిపోయింది. ప్రిన్సిపాల్ గది బయట ఆగి చెప్పింది: "తెల్లకాగితం మీద గడువు అడుగుతా రాయండి. అడిగితే వారం ఇస్తారు. అడగాలని ఎవరూ చెప్పరు."

"నువ్వూ రా అమ్మా."

"నేను లోపలికి రాను."

అడిగాం. ప్రిన్సిపాల్ చదివి, వారం గడువని రాసి సంతకం చేశాడు. కింద గుమాస్తా పిల్ల పేరు ఎక్కించి చీటీ మీద రోల్ నంబరు రాసిచ్చాడు. ఏడాది, కోర్సు అక్షరాలు, చివర నలభై ఏడు. అంతే, పొట్టి నంబరు. పిల్ల నవ్వుతూ దాన్ని పైకి చదివింది. గేటు దాకా చదువుతూనే ఉంది.

నా కాళ్ళు అక్కడే ఆగాయి. ఆ అమ్మాయి చెప్పినది రోల్ నంబరు కాదు. మా అప్లికేషన్ నంబరు లాంటిదే, ఆరంకెలు. మొదటి రెండంకెలూ పోయిన ఏడాదివి. అంటే ఆమె అప్లికేషన్ వేసింది గానీ చేరలేదు.

తిరుగు రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కి చూస్తే ఆ అమ్మాయి మా ఎదుటే కూర్చుని ఉంది. మెడలోని కవరు ఇటు తిరిగింది. అందులో కార్డు లేదు.

"నీ టీసీకి కూడా లామినేషన్ చేశారా?" అన్నాను మెల్లగా.

ఒళ్ళోని బ్యాగును తట్టింది. "ఈడనే ఉంది. మా నాయన చేయించినాడు. రేపు రమ్మని ఆ గుమాస్తా చెప్పినాడనుకుని ఇంటికి పోయినా. పోతే ఆడ బిర్యానీ చేసి పెట్టినారు ఆంటీ. వీధంతా వచ్చినారు. చేరలేదని ఎట్ల చెప్పేది? పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టి ఇచ్చింది మా అమ్మ. వచ్చేసినా."

"అప్పటినుంచీ రోజూ వస్తున్నావా?"

"లీవు పెట్టను" అంది.

"ఈ ఏడే మిగిలిన సీట్లకు మళ్ళీ వేద్దాం అప్లికేషన్. నేను చూస్తాను. డూప్లికేట్ టీసీ తెప్పిద్దాం."

నేనేదో వింత మాట అన్నట్టు చూసింది. "ఫస్టియర్‌కా? నేను సెకండియర్ కదా ఆంటీ."

కొరుక్కుపేట దాటాక ఆమె ఫోను మోగింది. "ఆ మా... అయిపోయె క్లాసు. వస్తా ఉండా. నంబరా? ఇచ్చేసినారు మా, ఈపొద్దే ఇచ్చినారు. రాసుకో." ఏడాది చెప్పింది, అక్షరాలు చెప్పింది. "చివర నలభై ఏడు."

పిల్ల చేయి నా చేతిలోకి దూరింది. చల్లగా ఉంది. "అత్తా, అది నాది" అని గుసగుసలాడింది.

తండయారుపేటలో రైలు ఆగింది. మాది ఇంకా ముందు. ఆ అమ్మాయి లేచి, "సోమవారం కాలేజీ తెరుస్తారు, గేటు దగ్గర ఉంటా పాపా, భయపడొద్దు" అని చెప్పి దిగింది. ఆమె ఇంట్లో ఎవరికైనా ఈ సంగతి చెప్పాలి. చెబితే ఆమె బతుకు ఏమవుతుందో లెక్క వేయడం నాకు చేతకాలేదు. చీటీని గుప్పిట్లో బిగించుకుని పిల్లే ముందు లేచింది.

"దిగుదాం అత్తా. ఎవరూ చెప్పనిది మనకు ఆ అక్కే చెప్పింది కదా."

రైలు కదిలేలోపు దిగాం. ప్లాట్‌ఫారం మీద ఆ అమ్మాయి వెనక్కి చూడకుండా నడుస్తోంది. ఆమె ఇంటికని మేమూ వెంట నడిచాం. నడకతోపాటు ఆమె గొణుగుతున్నది నాకు వినిపిస్తూనే ఉంది. ఏడాది, అక్షరాలు, నలభై ఏడు. ఒక్కసారి కూడా తప్పలేదు.